చీపురు కర్ర గురించి ప్రధానమంత్రి

నవంబరు 14 వస్తోంది, ముఖచిత్ర కథనం నెహ్రూ మీద కావాలన్నారు ఎడిటర్. “గులాబీ వద్దు, పిల్లలు వద్దు, పావురాలు అసలే వద్దు. నాయకుడిగా ఆ మనిషేంటో రాయి. మంగళవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి” అని షరతు. గులాబీ తీసేస్తే నెహ్రూ దగ్గర మిగిలేది కాగితం. అంత రాశారాయన.

ఆ కాగితాల్లో నాయకత్వం బాగా కనిపించేది ముఖ్యమంత్రులకు రాసిన ఉత్తరాల్లో. 1947 అక్టోబరు 15న మొదలుపెట్టి 1963 డిసెంబరు దాకా, వీలైనంతవరకూ పక్షానికొకటి చొప్పున రాస్తూ పోయారు. మొత్తం దాదాపు 400. తర్వాత ఐదు సంపుటాలుగా అచ్చయ్యాయి. దేశవిభజన, తిండిగింజల కొరత, కొరియా యుద్ధం, పంచవర్ష ప్రణాళికలు, చైనా అన్నీ ఉన్నాయి. గడువు తరుముతున్నప్పుడు తిరగేయాల్సినవి ఆ పెద్ద పెద్ద విషయాలే. నేను మాత్రం 1960 జూన్ ఉత్తరం దగ్గర ఆగిపోయాను. అందులో ప్రధానమంత్రి చీపురు గురించి రాశారు.

ఆయన చెప్పిందిది. మన ఊడ్పు పనివాళ్ల చేతిలో చీపురు పొట్టిది. దాంతో ఊడ్వాలంటే నడుం వంచాలి, లేదా నేలకు కూలబడాలి. పొడవాటి కర్ర ఉంటే నిలబడి ఊడ్వొచ్చు. పని బాగా సాగుతుంది, అలుపూ తక్కువ. ప్రపంచమంతా అలాంటివే వాడుతుంటే మనమెందుకు పాతకాలపు పనిముట్టునే పట్టుకుని ఉన్నాం? ఇంతవరకూ చురుకైన మునిసిపల్ ఇంజనీరైనా రాయగలడు. ఆ పై మాటే నెహ్రూది. అలా రోజూ వంగి ఊడ్వడం ఒంటిని అలసగొట్టడంతో ఆగదనీ, మనసుకు కూడా అణిగి ఉండటం అలవాటు చేస్తుందనీ ఆయన అనుమానం.

అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆ ఏప్రిల్‌లోనే చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, సరిహద్దు సంగతి తేలకుండానే వెళ్లారు. మే 1న బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర, గుజరాత్‌లుగా విడిపోయింది. జూన్‌లో చీపురు! గిట్టనివాళ్లు దీన్ని చూపించి, ఇల్లు కాలుతుంటే వాకిలి ఊడుస్తున్నాడంటారు. నాకలా అనిపించలేదు. వంగిన వీపును చూసి దాని వెనక వంగిన మనసును ఊహించిన పాలకులు మనకు ఎక్కువమంది లేరు. ఆ ఊహ వచ్చాక దాన్ని సర్కారు ఉత్తరంలో, సిగ్గుపడకుండా, ముఖ్యమంత్రులకు రాసినవాళ్లు ఇంకా తక్కువ.

ఈ అలవాటు పాతదే. 1928లో మస్సూరీలో ఉన్న కూతురికి భూమి పుట్టుక గురించి ఉత్తరాలు రాశారు. 1930 నుంచి 1933 దాకా జైళ్లలో కూర్చుని ప్రపంచ చరిత్రంతా రాశారు. ముఖ్యమంత్రులకు రాసిన వాటిలోనూ ఆ మేష్టారి గొంతే. కారణం చెబుతారు, నేపథ్యం వివరిస్తారు, ఎదుటివాళ్లు ఆలోచిస్తారని నమ్ముతారు. వేరు కాపురం పెట్టిన కొడుక్కి తండ్రి రాసే ఉత్తరం తీరు ఇది. సలహాకు లోటుండదు, బీరువా తాళాలు మాత్రం కొడుకు దగ్గరే. పారిశుద్ధ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది. మునిసిపాలిటీలూ రాష్ట్రాలవే. చీపురు కర్ర ఎంత పొడవుండాలో ప్రధానమంత్రి చెప్పగలరు గానీ, కొనిపించలేరు.

ఆ ఉత్తరాలు అందుకునేవాళ్లూ సామాన్యులు కారు. కలకత్తాలో బిధాన్ చంద్ర రాయ్, మద్రాసులో కామరాజ్, బొంబాయిలో చవాన్. హైదరాబాద్‌లో దామోదరం సంజీవయ్య.

ఈ పేరు దగ్గర నా కథనం దారి మారింది. కర్నూలు జిల్లా పెద్దపాడులో దళిత కుటుంబంలో పుట్టి, లా చదివి, ఆ జనవరిలోనే దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి సంజీవయ్య. నలభై ఏళ్లు కూడా నిండలేదు. వంగిన నడుం మనసును ఏం చేస్తుందో ఆయనకు ఢిల్లీ నుంచి ఎవరూ రాసి చెప్పనక్కర్లేదు. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లాక ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడంలో నెహ్రూ అధిష్ఠానం చెయ్యి ఉంది. దీన్ని నెహ్రూ ఖాతాలో జమ వెయ్యాల్సిందే.

ఏడాది తిరిగాక, 1961 జూన్ 27న, ముఖ్యమంత్రులకు ఇంకో ఉత్తరం వెళ్లింది. అప్పుడూ హైదరాబాద్‌లో సంజీవయ్యే. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు సాయం అందాలి, అందుకు వాళ్లు అర్హులు అంటూనే, రిజర్వేషన్లు తనకు నచ్చవనీ, ఉద్యోగాల్లో అయితే మరీ నచ్చవనీ నెహ్రూ రాశారు. వాటితో సామర్థ్యం తగ్గి రెండో రకం ప్రమాణాలు వస్తాయని ఆయన భయం. వెనకబడినవాళ్లకు అసలైన సాయం మంచి చదువేనని ఆయన నమ్మకం.

రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు నెహ్రూ మీద ప్రేమా, విసుగూ ఒక్కసారే కలుగుతాయి. పనిముట్టు మనిషిని ఎలా వంచుతుందో చూసిన కళ్లు, నిటారుగా నిలబడ్డవాడికి ఆఫీసులో కుర్చీ ఎవరిస్తారన్నది చూడలేదు. ఆ బాధ్యతను చదువు మీద పెట్టి తృప్తిపడ్డారు. చదువు గొప్పదే, సంజీవయ్యే అందుకు సాక్ష్యం. కానీ ఒక్క సంజీవయ్యను పైకి తేవడానికి చదువుతో పాటు ఢిల్లీ చెయ్యి కూడా కావాల్సి వచ్చిందిగా! కర్ర పొడుగైతే నడుం నిలబడుతుంది. కర్ర పట్టుకునే కులం మాత్రం మారదు.

చరిత్ర కావలసినవాళ్ల కోసం గబగబా నాలుగు ముక్కలు. 1889 నవంబరు 14న అలహాబాద్‌లో పుట్టుక. హారో, కేంబ్రిడ్జి చదువులు, బారిస్టరీ, తర్వాత గాంధీ. జైళ్లలో సుమారు 9 ఏళ్లు. 1929 లాహోర్ కాంగ్రెస్ అధ్యక్షత, సంపూర్ణ స్వరాజ్య తీర్మానం. 1947 నుంచి 1964 మే 27న పోయేదాకా ప్రధాని. మూడు సార్వత్రిక ఎన్నికలు, భాక్రా, భిలాయ్, ఐఐటీలు, అలీనోద్యమం. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన. 1962లో చైనా చేతిలో దెబ్బ.

మళ్లీ ఉత్తరాల దగ్గరికి వద్దాం. బతిమాలి నేర్పే మనిషిగానే ఆయన్ని చూపిస్తే అబద్ధమవుతుంది. 1959 జూలై 31న కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. దానికి శాసనసభలో మెజారిటీ ఉంది. 1953లో షేక్ అబ్దుల్లాను పదవి నుంచి దించి జైల్లో పెట్టినప్పుడు ప్రధాని నెహ్రూయే. తెగించాలనుకున్నప్పుడు ఢిల్లీ తెగించింది. భూమి దగ్గర మాత్రం తెగించలేదు. కమతాలకు పరిమితి పెట్టండని పదేపదే చెప్పారు. చట్టం చెయ్యాల్సిన సభల్లో కూర్చున్నది భూములున్నవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. పంచింది కొద్ది. 1973లో మళ్లీ చట్టం చెయ్యాల్సి వచ్చింది.

చీపురు కథా అంతే. ఇప్పుడు హైదరాబాద్ పెద్ద రోడ్ల మీద పొడవాటి కర్ర చీపుళ్లు కనిపిస్తాయి. ఇళ్లలో, ఆఫీసు వరండాల్లో, సందుల్లో ఇంకా వంగి ఊడుస్తూనే ఉన్నారు. చేతులతో మలం ఎత్తించడం నేరమని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం తెచ్చాం. మురుగు గుంతల్లో దిగి చనిపోయినవాళ్ల వార్తలు మా డెస్కుకు ఇప్పటికీ వస్తున్నాయి.

కాదనగలిగినవాళ్లకు కూడా కారణం చెప్పి ఒప్పించాలని చూడటం నెహ్రూ నాయకత్వంలో గొప్పతనం. వాళ్లు పెడచెవిన పెట్టినా మరో పక్షానికి మరో ఉత్తరం రాయడంతో సరిపెట్టుకోవడం ఆ నాయకత్వంలో లోపం. ఆ ఓపికకు మూల్యం ఢిల్లీ చెల్లించలేదు. చీపురు పట్టినవాళ్లు చెల్లించారు.

బాక్స్: తన మీద తానే

1937 నవంబరులో కలకత్తా ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ‘రాష్ట్రపతి’ అనే వ్యాసం వచ్చింది. రచయిత పేరు చాణక్య. జవహర్‌లాల్‌కు జనం పట్టే నీరాజనాలు ప్రమాదమనీ, కొంచెం అటూ ఇటూ అయితే అతను నియంత కాగలడనీ, మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చెయ్యొద్దనీ హెచ్చరిక. ఆ చాణక్య నెహ్రూయేనని తర్వాత బయటపడింది. వినయమా, వినయంతో కలిసిన కాస్త గర్వమా అంటే నేను రెండోదే అంటాను.

బాక్స్: కోటలో పట్టాభి

క్విట్ ఇండియా తీర్మానం మర్నాడు, 1942 ఆగస్టు 9న పట్టుకెళ్లి అహ్మద్‌నగర్ కోటలో పెట్టినవాళ్లలో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. 1944లో అక్కడే ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ పుట్టింది. తోటి ఖైదీలకే అంకితం.

బాక్స్: ఉత్తరాలకు లొంగని ఆంధ్ర

నెహ్రూ, పటేల్, పట్టాభిల జేవీపీ కమిటీ 1949లో భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దంది. ఆంధ్ర విషయంలో మాత్రం, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే చూడొచ్చని తలుపు కొంచెం తెరిచింది. తర్వాత ఏళ్ల తరబడి నానుడే. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 19న పార్లమెంటులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా రాష్ట్రం ఏర్పడింది. ఆ నెల నుంచి ప్రధాని ఉత్తరాల జాబితాలో ఇంకో చిరునామా చేరింది.