ఒకే లెక్క, వేర్వేరు జవాబులు: శాస్త్రీయ అనుకరణల్లో సాఫ్ట్‌వేర్ విశ్వసనీయత

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌పై ఒక వాతావరణ అనుకరణను మధ్య నుంచి మళ్ళీ నడిపారు. యంత్రంలో ఉన్న విలువ 0.506127. ముద్రిత కాగితంపై మూడు దశాంశ స్థానాలే ఉండటంతో ఆయన 0.506 అని ఇచ్చారు. కొంతవరకు కలిసి నడిచిన రెండు ఫలితాలూ ఆపైన పోలికే లేనంతగా విడిపోయాయి. యంత్రం చెడిందేమోనని ఆయన మొదట అనుమానించారు. ఆ అనుమానం నేటికీ తీరలేదనే చెప్పాలి. ఫలితం మారినప్పుడు అది ప్రోగ్రామ్‌లోని దోషమా, లెక్క స్వభావమా అని తేల్చేదెలా?

బ్యాంకు వడ్డీ లెక్కకు ఈ చిక్కు లేదు. ఎన్నిసార్లు చేసినా పైసాతో సహా ఒకే జవాబు రావాలి, రాకపోతే దోషమే. సూపర్ కంప్యూటర్‌లో మాత్రం వేలాది ప్రాసెసర్లు లెక్కను పంచుకుంటాయి. వాటి పాక్షిక మొత్తాలు ఏ క్రమంలో కలుస్తాయన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదు. గణితంలో కూడిక క్రమం మారినా మొత్తం మారదు. కంప్యూటర్ ఒక్కో సంఖ్యకు సుమారు 16 అంకెలనే నిలుపుకొంటుంది కనుక అక్కడ మారుతుంది. 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యకు 1 కలిపి, తిరిగి అదే పెద్ద సంఖ్యను తీసివేస్తే 0 వస్తుంది. ముందు తీసివేసి, తరువాత 1 కలిపితే 1 వస్తుంది. రెండుచోట్లా యంత్రం తన నియమాన్ని తప్పలేదు.

వాతావరణ నమూనాలో ఇలాంటి చివరి అంకె తేడా లోరెంజ్ చూసినట్లే పెరిగిపోతుంది. అందువల్ల కొత్త యంత్రానికి మారినప్పుడు పాత జవాబే రావాలని పట్టుబట్టడం అర్థరహితం. అమెరికా జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం పరిశోధకులు 2015లో మరో మార్గం చూపారు. ప్రారంభ ఉష్ణోగ్రతను దశాంశ బిందువు తరువాత పద్నాలుగో స్థానంలో కదిలిస్తూ, ఒక్కో ఏడాది నిడివిగల 151 అనుకరణలు నడిపారు. సహజంగా ఫలితాలు ఎంత మేరకు చెదురుతాయో వీటివల్ల తెలిసింది. కొత్త ఫలితం ఆ పరిధిలో ఇమిడితే అంగీకారం, ఇమడకపోతే అన్వేషణ. ప్రాచీన కావ్య పరిష్కర్త ఒక్క తాళపత్ర ప్రతిని నమ్ముకోక, పలు ప్రతులు సేకరించి, ఏది పాఠాంతరమో ఏది లేఖక దోషమో నిర్ణయించడం సాహిత్య పరిశోధకులకు తెలిసినదే. ఇక్కడి తేడా ఒక్కటే: ఈ ప్రతులను పరిశోధకుడే పుట్టించుకుంటాడు.

ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. ప్రామాణికంగా తీసుకున్న అనుకరణలోనే తప్పుంటే, పరీక్ష ఆ తప్పునే కాపాడుతుంది. నార్వేలో స్లైప్నర్-ఎ సముద్ర వేదికకు చెందిన కాంక్రీట్ పునాది 1991 ఆగస్టు 23న మునిగిపోయింది. లెక్క చేసిన ప్రోగ్రామ్ ఇచ్చిన పని ఇచ్చినట్లే చేసింది. అయితే గోడలు కలిసే చోట నిర్మాణాన్ని ఖండాలుగా విభజించిన తీరు ముతకగా ఉండటంతో, కోత ప్రతిబలం ఉండవలసిన దానికన్నా 47 శాతం తక్కువగా తేలింది. దాన్ని ఎన్ని యంత్రాలపై నడిపినా అదే తక్కువ విలువ నిలకడగా వచ్చేది. పట్టించగలిగే పరీక్ష వేరు: ఖండాలను మరింత సన్నగా విభజించి, జవాబు కదులుతుందేమో చూడటం. ప్రమాదం తరువాత అలా సూక్ష్మంగా లెక్కించినప్పుడు గోడ 62 మీటర్ల లోతున విఫలమవుతుందని తేలింది. నిజంగా విఫలమైంది 65 మీటర్ల దగ్గర.