కొట్టివేత కూడా రికార్డే

ఖరగ్‌పూర్‌లో రైల్వే పిల్లలకు లెక్కలు చెప్పేవాడికి ప్రశ్నలు సిలబస్‌లోంచే వస్తాయన్న భరోసా ఏమీ లేదు. పూజలకని గోల్‌బజార్‌లో కొన్న ఆల్తా సీసా, అంటే మన పారాణి, ఒక పదో తరగతి అమ్మాయి చేతిలో ఉంది. దాని చీటీ మీద ‘బి’ అక్షరంతో ఒక నంబరు, ‘ఎం’ అక్షరంతో ఇంకోటి. మొదటిది బ్యాచ్ నంబరు, రెండోది తయారీ లైసెన్సు నంబరు అన్నాను. బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే ఏ రంగు ఎంత కలిపారో, ఎవరు తూచారో, పరీక్షలో ఏం తేలిందో అంతా ఫ్యాక్టరీ రికార్డులో దొరుకుతుందనీ, ఆ రికార్డు ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లోనే ఉంటోందనీ చెప్పాను. “కాగితమైతే చెరిపిన మచ్చ కనబడతాది. కంప్యూటర్లో మార్చేస్తే ఎలా తెలుస్తాది సార్?” అంది.

(పక్కమాట: 10 గ్రాములు మించని ఘనపదార్థాలకూ, 25 మిల్లీలీటర్లు మించని ద్రవాలకూ బ్యాచ్ నంబరు తప్పనిసరి కాదు. అంటే కంట్లో పెట్టుకునే చిన్న కాటుక డబ్బీ తప్పించుకుంది, పాదాలకు రాసుకునే పెద్ద పారాణి సీసా దొరికిపోయింది. నాకిది ఎప్పుడూ తిరకాసుగానే అనిపిస్తుంది.)

ఆ అమ్మాయి అడిగింది డిజిటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రాణం గురించే. క్యూఎంఎస్ అని పొట్టిగా పిలిచే ఈ సాఫ్ట్‌వేర్ చేసే పనులు చాలానే ఉన్నాయి: పనివిధానాల పత్రాలు, పొరపాట్ల నమోదు, దిద్దుబాటు చర్యలు, సిబ్బంది శిక్షణ, వాడకందారుల ఫిర్యాదులు. వీటిలో చాలా భాగం విసుగు పుట్టించే ఫారాల గొడవ. ముందు పని ముగియకుండా తర్వాతది జరగనివ్వని తాళాల సంగతి కొంచెం నయం. ఖరగ్‌పూర్ వాళ్లకు దాన్ని వివరించక్కర్లేదు. రైలు దారి మార్చే పాయింటు సరిగ్గా పడి, తాళం బిగిసిందని రుజువయ్యేదాకా సిగ్నల్ పచ్చబడదు. ఇక్కడి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 రూట్లకు ఆ లెక్క చూసుకుంటుంది. క్యూఎంఎస్ కూడా అంతే. పరీక్ష ఫలితం రాకుండా, పొరపాటు విచారణ ముగియకుండా ఆ బ్యాచ్‌ను ‘విడుదల’ చేయబోతే బటన్ పని చేయదు.

కానీ నా మనసు దోచింది తాళం కాదు, జ్ఞాపకం.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబాల్లో, స్టేషన్ మాస్టరు ఉన్న ఏ ఇంట్లోనైనా రైళ్ల రాకపోకలు రాసే ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్ సంగతి తెలుసు. రాసేది సిరాతోనే. తప్పు రాస్తే రబ్బరు పెట్టకూడదు, దిద్దకూడదు. పాత అంకె చదవడానికి వీలుగా దాని మీదుగా ఒక్క గీత కొట్టి, సరైనది పైన రాసి, పొట్టి సంతకం చేయాలి. మందుల ఫ్యాక్టరీల్లో, కాస్మెటిక్స్ ఫ్యాక్టరీల్లో కాగితపు బ్యాచ్ రికార్డుకూ ఇదే పద్ధతి, పైగా తేదీ కూడా వేయాలి. తప్పు చేయడం నేరం కాదు, దాన్ని మాయం చేయడమే నేరం. క్యూఎంఎస్‌లో ఆడిట్ ట్రెయిల్ అనేది ఈ ఒక్క గీతకు యంత్రరూపం: ఏ గడిలో, పాత విలువ ఏది, కొత్తది ఏది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారు. కొత్త వరుస చేర్చడమే తప్ప పాత వరుసను తాకే దారి అందులో ఉండకూడదు.

చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలు పట్టికే, తాకే హక్కు ఎవరికీ ఇవ్వకపోవడమే కాపలా. ఇంతకన్నా అందమైన కాపలా ఒకటుంది. దాన్ని బోర్డు మీద చేసి చూపించాను.

కాస్మెటిక్స్‌లో వాడే రంగుల్లో సీసం 20 పీపీఎం దాటకూడదు, అంటే కిలోకి 20 మిల్లీగ్రాములు. మూడు లాట్ల రంగులో వరుసగా 28, 14, 11 వచ్చాయనుకుందాం. మొదటిది తప్పినట్టే. ఇప్పుడు ప్రతి నమోదుకూ ఒక ముద్ర వేద్దాం. పాత ముద్రను 7తో గుణించి, కొత్త ఫలితం కలిపి, 97తో భాగిస్తే మిగిలే శేషమే కొత్త ముద్ర. మొదలు 1 తీసుకుంటే, 7కి 28 కలిపి 35. దాన్ని 7తో గుణించి 14 కలిపితే 259, శేషం 65. మళ్లీ అలాగే చేసి 11 కలిపితే 466, శేషం 78. ముద్రలు 35, 65, 78.

రాత్రికి రాత్రి ఎవరో 28ని 18 చేశారు. ఇప్పుడు లెక్కిస్తే ముద్రలు 25, 92, 73. తాకింది మొదటి అంకెనే, చివరి ముద్ర కూడా మారింది. ప్రతి ముద్ర కడుపులో దాని ముందున్న చరిత్రంతా ఉంది మరి. నా 97 లెక్కను తెలివైన పిల్లలు వెనక్కి తిప్పి బోల్తా కొట్టించగలరు. అసలు వాడే షా-256 వంటి హ్యాష్ సూత్రం అలా లొంగదు: ఎంత పెద్ద ఫైలిచ్చినా 256 బిట్ల ముద్రే ఇస్తుంది, ఒక్క అక్షరం మారితే దాదాపు సగం బిట్లు తారుమారవుతాయి, కోరిన ముద్ర వచ్చేలా ఫైలు తయారుచేసే దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

అయినా ఒక కంత మిగిలే ఉంది. కంప్యూటర్ మొత్తం నా చేతిలోనే ఉంటే ముద్రలన్నీ మళ్లీ వేసుకోగలను కదా? ఈ కంత పూడ్చే ఆలోచన ఒక గొడవలోంచి పుట్టింది. 1980ల చివర అమెరికాలో ఒక రోగనిరోధక శాస్త్రవేత్త ప్రయోగశాల నోటుపుస్తకాల మీద వివాదం చెలరేగి, సీక్రెట్ సర్వీస్ వాళ్లు సిరానూ, యంత్రం అచ్చు వేసిన టేపులనూ పరీక్షించేదాకా వెళ్లింది. ఆ శాస్త్రవేత్త మీది ఆరోపణలను 1996లో అప్పీలు మండలి కొట్టేసింది. ఆ గొడవ నడుస్తుండగానే బెల్‌కోర్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే స్కాట్ స్టోర్నెటా, రేపు సిరాయే లేని కాలంలో ఏం పరీక్షిస్తారని ఆలోచనలో పడ్డాడు. స్టువర్ట్ హేబర్‌తో కలిసి 1991లో ప్రచురించిన జవాబు, ముద్రల గొలుసు. కాపలాదారుణ్ణి నమ్మలేకపోతే లోకాన్నే సాక్షిగా పెట్టాలి. వాళ్ల ఆలోచన మీద పుట్టిన ష్యూరిటీ అనే సంస్థ 1995 నుంచి చివరి ముద్రను వారం వారం న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా అచ్చు వేయించింది. ఇక చరిత్ర దిద్దాలంటే ఊరూరా ఇళ్లలో, గ్రంథాలయాల్లో ఉన్న ఆ పేపర్లన్నీ పోగేసి దిద్దాలి. 2008లో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం పునాదిగా చూపించిన వాటిలో వీళ్ల వ్యాసాలున్నాయి. ఆ తర్వాత పేరంతా బిట్‌కాయిన్ కొట్టేసింది, వార్తాపత్రికలో ఓ మూలనున్న ప్రకటనను తలచుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో గొప్పది ఆ ప్రకటనే.

కాస్మెటిక్స్ మీదికి చట్టాలూ, ఈ రికార్డుల నియమాలూ ఎలా వచ్చాయో, ఆ మిగతా కథ గబగబా. 1933లో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు ఆడవాళ్ల కళ్లు పోగొట్టాక, 1938లో అమెరికా చట్టం సౌందర్య సాధనాలను కూడా పట్టుకుంది. మన 1940 నాటి మందుల చట్టంలోకి కాస్మెటిక్స్ 1962 సవరణతో వచ్చాయి. ఎలక్ట్రానిక్ రికార్డులకూ సంతకాలకూ అమెరికా 1997లో నియమాలు పెట్టింది. వాటి బరువు ముందు మోసింది మందుల పరిశ్రమ. 2007లో కాస్మెటిక్స్ తయారీకి ఐఎస్ఓ 22716, 2020లో మనకు విడిగా కాస్మెటిక్స్ రూల్స్, 2022లో అమెరికాలో మరో కొత్త చట్టం.

ఇంత గొలుసు కట్టినా అది కాపాడేది రాసినదాన్నే, రాసినది నిజమా కాదా అన్నది దానికి పట్టదు. పరికరం 28 చూపిస్తే మొదట్లోనే 18 అని టైపు చేస్తే, ఆ అబద్ధానికి కూడా అంతే నిష్ఠగా ముద్ర పడుతుంది. అందుకే మంచి ప్రయోగశాలల్లో సీసం కొలిచే పరికరాన్నే నేరుగా వ్యవస్థకు కలిపేసి మధ్యలో మనిషి వేళ్లను తప్పిస్తారు. ఒకే పాస్‌వర్డుతో నలుగురు పనిచేసే చోట ‘ఎవరు’ అన్న గడికి విలువే లేదు. గడియారం వెనక్కి తిప్పే హక్కు, ఆడిట్ ట్రెయిల్‌ను కాసేపు ఆపేసే హక్కు ఎవరికైనా ఉంటే మిగతాదంతా అలంకారం. తనిఖీకి వచ్చేవాళ్లలో అనుభవజ్ఞులు పరీక్ష ఫలితాల కన్నా ముందే అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఎవరెవరికి ఉన్నాయో జాబితా అడుగుతారు. ఆ జాబితాలో ప్రొడక్షన్ మేనేజరు పేరు కనిపిస్తే ఆ రోజు తనిఖీ తొందరగా ముగియదు.