ప్లాటు కొనే ముందు రోడ్డు కొలవాలి

ఊరి చివర పొలాలు ప్లాట్లు అవుతున్నాయి. కూలి డబ్బు, చీటీ డబ్బు, పొదుపు డబ్బు కూడబెట్టి ఎందరో ఆడవాళ్ళు తమ పేరున ప్లాటు కొంటున్నారు. కొనేటప్పుడు అందరూ ప్లాటునే చూస్తారు. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని అడుగుతారు. ముందున్న దారి ఎన్ని అడుగులని అడిగేవాళ్ళు తక్కువ. ఇల్లు కట్టాక కష్టపెట్టేది ఆ దారే.

దారి ఎంత వెడల్పు ఉండాలి?

లారీ అయినా, ఫైరింజన్ అయినా వెడల్పు ఇంచుమించు 8 అడుగులు. రెండు బండ్లు ఎదురైతే 16 అడుగులు కావాలి. రెండు పక్కలా మురుగు కాలువలు, కరెంటు స్తంభాలు, మనుషులు నడిచే చోటు ఉండాలి. అన్నీ కలిపితే 30 అడుగులు అవసరం. కొన్నిచోట్ల 40 అడుగులు ఉండాలని రూలు.

చీర పొడవు ఇంచుమించు 18 అడుగులు. కొందరు చీర పొడవంత దారి కూడా వదలరు. అక్కడ ఇంటి ముందు ఒక బండి నిలిపితే 108 బండి లోపలికి రాలేదు. నొప్పులు పడే మనిషిని పెద్ద రోడ్డు దాకా మోసుకుపోవాల్సిందే.

లేఔట్ అంటే ఏమిటి?

భూమిని ప్లాట్లుగా, రోడ్లుగా విడగొట్టి గీసిన పటమే లేఔట్. దానికి టౌన్ ప్లానింగ్ అధికారుల అనుమతి కావాలి. సర్పంచి సంతకం ఒక్కటే చాలదు. అనుమతి ఇచ్చిన లేఔట్‌కు ఎల్.పి. నంబరు ఉంటుంది.

లేఔట్ వేసినవాళ్ళు రోడ్లు వేయాలి. కాలువలు కట్టాలి. నీళ్ళు, వీధి దీపాలు ఏర్పాటు చేయాలి. 100 గజాలకు 10 గజాల చొప్పున పార్కులాంటి వాటికి ఖాళీ జాగా వదలాలి. రోడ్లను, ఆ జాగాను మున్సిపాలిటీకో పంచాయతీకో ఉచితంగా రాసివ్వాలి. రాసివ్వకపోతే పార్కు జాగాను కూడా అమ్ముకునే ప్రమాదం ఉంది.

పనులు ఎగ్గొట్టకుండా అధికారులు కొన్ని ప్లాట్లను తనఖా పెట్టించుకుంటారు. మామూలుగా ఇవి 100కు 15 వంతులు. పనులు పూర్తయ్యాకే విడిపిస్తారు. తనఖాలో ఉన్న ప్లాటు కొనకూడదు.

అనుమతి లేకపోతే?

2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోమంది. రోడ్డు వెడల్పు చాలకపోతే రెండు పక్కల ప్లాట్లవాళ్ళూ సమానంగా జాగా వదలాలని చెప్పింది. 30 అడుగులు ఉండాల్సిన రోడ్డు 20 అడుగులే ఉందనుకుందాం. ఒక్కో పక్క 5 అడుగులు వదలాలి. 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉన్న 150 గజాల ప్లాటులో ఇంచుమించు 17 గజాలు రోడ్డులో కలుస్తాయి. పార్కు జాగా వదలని లేఔట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం రుసుం కట్టాలని అప్పుడు చెప్పింది. తప్పు చేసింది అమ్మినవాడు. జాగా, డబ్బు పోగొట్టుకునేది కొన్నామె.

రిజిస్ట్రేషన్ అయితే చాలదా?

చాలదు. రిజిస్ట్రేషన్ అమ్మకానికి రుజువు. రోడ్డుకు రుజువు కాదు.

బయానా ఇచ్చే ముందు ఇవి అడగాలి:

ఎల్.పి. నంబరు ఎంత?
ఈ ప్లాటు తనఖాలో ఉందా?
రోడ్లు, పార్కు రాసిచ్చిన కాయితం ఏది?
లేఔట్ నుంచి ఊరి రోడ్డుకు దారి ఉందా?

లేఔట్ పటం నకలు అడిగి తీసుకోవాలి. దాన్ని చదవడం కష్టం కాదు. ప్లాటు నంబరు, రోడ్డు కొలత అంకెల్లోనే ఉంటాయి. టేపు తీసుకెళ్ళి రోడ్డు కొలవాలి. పటంలో అంకె, టేపు మీద అంకె ఒకటి కాకపోతే బయానా ఇవ్వకూడదు.