మోనోషాక్ ఉంటే చాలా? బైక్ వెనక సస్పెన్షన్ అసలు కథ ఇదీ

ములుగు నుంచి పస్రా మీదుగా మేడారం వెళ్ళే దారి నా బైక్‌కి పరీక్ష లాంటిది. ఒక్కడినే వెళ్ళినప్పుడు పాసైంది. తర్వాతి వారం వెనక అమ్మ, ట్యాంక్ మీద బంగారం (అదేనండి, అమ్మవార్లకిచ్చే బెల్లం) పెట్టుకుని బయల్దేరా. మొదటి పెద్ద గుంతలోనే కింద నుంచి ఠక్‌మని సౌండ్. "గింత డబ్బు పోసి కొన్నది ఇదేనారా?" అంది అమ్మ, నడుము పట్టుకుని. షోరూమ్‌లో 'మోనోషాక్ ఉంది సార్' అనగానే పడిపోయినవాణ్ణి, ఏం చెప్తా?

వెనక సస్పెన్షన్‌లో రెండు పనులు జరుగుతాయి. స్ప్రింగ్ దెబ్బని తీసుకుని తిరిగి ఇచ్చేస్తుంది. డ్యాంపర్ ఆ ఎనర్జీని ఆయిల్ సన్నని రంధ్రాల గుండా పోయేలా చేసి వేడిగా మార్చేస్తుంది. డ్యాంపర్ అరిగిపోతే బైక్ ఒక్క గుంతకి మూడుసార్లు ఊగుతుంది.

ఇక షాక్ ఒకటా, రెండా అన్నది కాదు, అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. పాత ట్విన్ షాక్ బైకుల్లో అవి వెనక చక్రం ఇరుసు దగ్గరే ఉంటాయి కాబట్టి చక్రం ఎంత కదిలితే షాక్ కూడా దాదాపు అంత కదులుతుంది. మోనోషాక్‌ని స్వింగ్‌ఆర్మ్ పివోట్‌కి దగ్గరగా పెడతారు. చక్రం 120 మి.మీ. లేస్తే షాక్ 50 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది అనుకోండి, లివరేజ్ రేషియో 2.4. అందుకే దాని స్ప్రింగ్ చాలా గట్టిగా ఉండాలి.

అసలు తెలివి లింకేజ్‌లో ఉంది. స్వింగ్‌ఆర్మ్‌కీ షాక్‌కీ మధ్య చిన్న లివర్లు పెడితే ఈ రేషియో కదలికతో పాటు మారుతుంది. చిన్న గతుకులకి మెత్తగా, లోతుకి వెళ్ళేకొద్దీ గట్టిగా. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411లో 180 మి.మీ. వెనక ట్రావెల్‌కి వాడింది ఈ లింకేజ్ మోనోషాకే. తక్కువ ధర బైకుల్లో చాలావాటికి మోనోషాక్ ఉన్నా లింకేజ్ ఉండదు. స్పెక్ షీట్‌లో రెండింటికీ పేరు మాత్రం ఒకటే! మోనోషాక్‌కి పేరు తెచ్చింది మోటోక్రాస్. బెల్జియం ఇంజనీర్ లూసియన్ టిల్కెన్స్ ఐడియాని యమహా తీసుకుంది, ఆ బైక్‌తో హోకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ వరల్డ్ టైటిల్ కొట్టాడు.

మరి నాకు వచ్చిన ఠక్? ప్రీలోడ్ నేను ముట్టుకోలేదు, అంతే. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. బరువుకి కిందికి దిగిన బైక్ మళ్ళీ పైకి లేస్తుంది, అంతే. 120 మి.మీ. ట్రావెల్‌లో ఇద్దరి బరువుకే 60 పోతే గుంతకి మిగిలేది 60. ప్రీలోడ్ పెంచి ఆ దిగడాన్ని 40కి తెస్తే 80 మిగులుతుంది.

కొలవడం ఈజీ. వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత రోజూ వెళ్ళే బరువుతో కూర్చుని, ఫ్రెండ్‌తో మళ్ళీ కొలిపించండి. తేడా మొత్తం ట్రావెల్‌లో 30 శాతం చుట్టూ ఉంటే ఓకే. ఎక్కువైతే సి-స్పానర్‌తో ఒక్కో స్టెప్ పెంచండి. స్వింగ్‌ఆర్మ్ కదిలితే చైన్ బిగువు కూడా మారుతుంది, కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన లూజు ఉందో లేదో చూసుకోండి.

నేను రెండు స్టెప్‌లు పెంచా. అదే దారి, అదే అమ్మ, ఠక్ రాలేదు. ఒక్కడినే వెళ్ళేటప్పుడు మాత్రం మళ్ళీ తగ్గించాల్సిందే, లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ సీటు ఎగరేస్తోంది.