కొండగట్టు కోతికి ఎయిడ్స్ ఎందుకు రాదు?

జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న గుడి మెట్ల మీద, కోరుట్ల ఇళ్ల కప్పుల మీద తిరిగే ఎర్రమూతి కోతిని శాస్త్రవేత్తలు రీసస్ కోతి అంటారు. రక్తం గ్రూపు చెప్పేటప్పుడు వాడే ‘ఆర్‌హెచ్’ అన్న మాట దీని పేరు నుంచి వచ్చిందే. మనిషికి ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ-1 ఈ కోతి ఒంట్లో నిలవదు. కారణం దాని జన్యువుల్లో ఉంది.

హెచ్‌ఐవీ తన జన్యు పదార్థాన్ని ఒక ప్రొటీన్ తొడుగులో దాచుకుని కణంలోకి దూరుతుంది. కోతి కణంలో ఉండే ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రొటీన్ ఆ తొడుగును పట్టుకుని, వైరస్ పని మొదలుపెట్టకముందే చెడగొడుతుంది. అమెరికాలో జోసెఫ్ సోద్రోస్కీ బృందం 2004లో ఈ సంగతి బయటపెట్టింది. అదే ప్రొటీన్ మనిషిలోనూ ఉంది, హెచ్‌ఐవీని పట్టే బలం మాత్రం లేదు. తేడా ఎంత చిన్నదో మరుసటి ఏడాది తెలిసింది. 332వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లాన్ని మారిస్తే చాలు, మనిషి ప్రొటీన్ కూడా హెచ్‌ఐవీని అడ్డుకోగలుగుతుంది. సిరిసిల్ల మగ్గం మీద ఒక్క పోగు తప్పితే చీర అంచు మారిపోయినట్టే ఇదీ.

2007లో రీసస్ కోతి జీనోమ్ మొత్తం చదివారు. మనిషి డీఎన్‌ఏతో పోలిక సుమారు 93 శాతం. రెండు జాతుల పూర్వీకులు దాదాపు 2.5 కోట్ల ఏళ్ల కిందట వేరయ్యారు. వైరస్‌లతో పోరాడే జన్యువుల్లో చాలా వాటిలో మార్పు చురుగ్గా జరిగింది.

ఇంత రక్షణ ఉన్నా ఈ కోతి అన్నిటికీ అతీతం కాదు. ఆఫ్రికా కోతుల్లో ఎస్‌ఐవీ అనే వైరస్ కుటుంబం ఉంది. అందులోంచే హెచ్‌ఐవీ-1 చింపాంజీల నుంచి, హెచ్‌ఐవీ-2 సూటీ మాంగబే కోతుల నుంచి మనిషికి వచ్చాయి. ఆసియా అడవి కోతుల్లో ఎస్‌ఐవీ సహజంగా లేదు. కొండగట్టు కోతి కరిస్తే హెచ్‌ఐవీ రాదు. రేబిస్ భయం మాత్రం ఉంది, టీకా తప్పదు. కానీ ప్రయోగశాలలో మాంగబే వైరస్ సోకిన రీసస్ కోతికి ఎయిడ్స్ వచ్చి చనిపోతుంది. ఎయిడ్స్ టీకా పరీక్షలకు ఈ జాతిని ఎక్కువగా వాడటానికి కారణం ఇదే. మన దేశం 1978లో వీటి ఎగుమతిని ఆపేసింది. అమెరికా పరిశోధనశాలల్లో నేటికీ ‘భారతీయ’ రీసస్ అని పిలిచే కోతులు అంతకుముందు వెళ్లిన వాటి సంతతే.

అన్నిటికన్నా ఆశ్చర్యం మాంగబేది. దాని నెత్తుట్లో వైరస్ బోలెడంత ఉంటుంది, జబ్బు మాత్రం రాదు. సోకిన తొలి రోజుల్లో రోగనిరోధక వ్యవస్థ రగిలినా, కొన్ని వారాల్లో చల్లారిపోతుంది. మనిషిలో ఆ మంట ఏళ్ల తరబడి ఆరదు. రోగనిరోధక కణాలు అరిగిపోవడానికి అది పెద్ద కారణం. 2018లో మాంగబే జీనోమ్ చదివినవారు టీఎల్ఆర్4, ఐక్యామ్2 అనే రెండు రోగనిరోధక జన్యువుల్లో తేడాలు చూశారు. బ్యాక్టీరియా జాడ పసిగట్టి మంట రేపే టీఎల్ఆర్4 సంకేతం మాంగబేలో మందకొడిగా ఉంది.

హెచ్‌ఐవీ బాధితులకు మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఏఆర్‌టీ మందులు వైరస్‌ను అణిచి ఉంచుతాయి. అయినా లోపలి మంట పూర్తిగా ఆరదు. గుండె జబ్బుల ముప్పు పెరగడానికి అదీ ఒక కారణం. మందులు వాడుతున్న మనిషిలో ఆ మిగిలిన మంటను తగ్గించే దారి కోసమే పరిశోధకులు మాంగబే జన్యువులను చదువుతున్నారు.