మట్టిలో రాలేదంటే లేనట్టేనా?

అపోహ: గుప్పెడు మట్టిని డీఎన్ఏ పరీక్షకు పంపితే అక్కడి జీవులన్నిటి జాబితా వచ్చేస్తుంది. అందులో లేనిది అక్కడ లేనట్టే.

మొదటి మాట ఉత్త అత్యాశ. రెండోది ప్రమాదం. మడచెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్విన చరిత్ర ఉన్న కృష్ణా తీరంలో, రేపల్లె దిగువన బావురుపిల్లి జాడ మట్టిలో రాలేదని కాగితం పుడితే చాలు, పొక్లెయిన్ దిగిపోతుంది. కృష్ణా అభయారణ్యంలో ఆ పిల్లిని చూపించింది మట్టి కాదు, మడల్లో పెట్టిన కెమెరాలు.

పరీక్ష తాను వెతికినదాన్నే చూపిస్తుంది. ఈ సంగతి నిజాంపట్నం రొయ్యల రైతుకు వేరే చెప్పాలా? సీడ్‌కు తెల్లమచ్చ వైరస్ పీసీఆర్ నెగెటివ్ వచ్చిందని మరో రొయ్యల రోగకారకం ఈహెచ్‌పీ కూడా లేదని ఎవరూ ధీమాపడరు. దానికి వేరే ప్రైమర్, అంటే ఆ డీఎన్ఏను వెతికి పట్టే ముక్క, కావాలి. మట్టికీ అంతే, వెతికే జన్యుభాగం ఒక్కో గుంపుకు ఒక్కోటి: బ్యాక్టీరియాకు 16ఎస్, శిలీంధ్రాలకు ఐటీఎస్, పురుగులకు ఎక్కువగా సీఓఐ. 16ఎస్‌తో వెతికి వానపాము లేదనేస్తే నేరం వానపాముదా? పైగా దొరికిన ముక్కను పోల్చి చూడటానికి ఆ జాతి డీఎన్ఏ ముందే డేటాబేస్‌లో ఉండాలి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చిలికా సరస్సులో వేర్వేరు కాలాల్లో నీళ్లు తీసి, వాటిలోని డీఎన్ఏతో 1,071 కుటుంబాల జీవులను గుర్తించారు. కుటుంబాలండీ, జాతులు కాదు. గుప్పెడుతోనూ కాదు.

డీఎన్ఏ ముక్కలు ఎక్కువొస్తే పురుగులూ ఎక్కువే ఉన్నట్టన్న లెక్క చెల్లదు. భూసార పరీక్షకు ఇది బదులూ కాదు.

'చచ్చినవి కూడా కనిపిస్తాయట' అన్న మాటను మాత్రం ఒప్పుకోక తప్పదు. తెనాలి నల్లమట్టిలాంటి బంకనేలల్లో రేణువులు డీఎన్ఏను పట్టి ఉంచుతాయి. అమెరికా నేలలపై 2016లో వెలువడిన అధ్యయనంలో, బ్యాక్టీరియా, శిలీంధ్రాల డీఎన్ఏలో సగటున 40 శాతం బతికున్న కణాలది కాదని తేలింది. అలాగని తాతలనాటి జంతువులన్నీ మన మాగాణిలో బయటపడవు. 20 లక్షల ఏళ్లనాటి డీఎన్ఏ దొరికింది గ్రీన్‌లాండ్ మంచునేలలో. ఇక్కడ వేడికి, తడికి, సూక్ష్మజీవులకు అది త్వరగా కరిగిపోతుంది. కాలవ నీళ్లతో ఎక్కడిదో చేప జాడ వరి మడిలోకి రావడం వేరే తలనొప్పి.

మట్టి తీసేవాళ్లు ఒక్కచోటుతో సరిపెట్టకండి. బాపట్ల తీరపు ఇసుకకు పనిచేసిన పద్ధతి మడల బురదకు పనిచేయకపోవచ్చు. అందులోని హ్యూమిక్ పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ఒక పొలంలో వాడిన పారను బ్లీచింగ్ నీళ్లతో కడగనిదే పక్క పొలంలో దింపొద్దు. నమూనాను వెంటనే ఐస్‌పెట్టెలో పెట్టండి. రిపోర్టు వచ్చాక ఏ ప్రైమర్ వాడారు, ఎన్ని చోట్ల తీశారు, మట్టి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా పరీక్షించారా అని అడగండి. జవాబు చెప్పకుండా నసిగితే, ఆ కాగితాన్ని పట్టుకుని ఏ జీవీ లేదని సంతకం పెట్టకండి.