ముందు చూద్దాం, తర్వాత చదువుదాం

మ్యూజియంకి వెళ్తే మనలో చాలామంది పక్కనున్న వివరాలు చదివి, ఫొటో తీసుకుని, తర్వాతి గదికి నడుస్తాం. బ్యాంకువాళ్లం కాబట్టి "దీని ఖరీదెంతో!" అని కూడా అనుకుంటాం.

న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విద్యావిభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగైల్ హౌసెన్‌తో కలిసి ఒక తేలికైన పద్ధతి రూపొందించారు. అందులో మూడే ప్రశ్నలు: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, 'మేలిముసుగు రెబెక్కా' పాలరాతి విగ్రహం ముందు ఒకసారి మా అమ్మాయికి వివరాలన్నీ చదివి వినిపించాను. ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారనీ చెప్పేలోపే తను వెళ్లిపోయింది.

మరోసారి ప్రశ్నలే అడిగాను.

"సిగ్గుపడుతోంది నాన్నా."

"ఏం చూసి అలా అన్నావు?"

"తల వంచుకుంది కదా!"

"నాకైతే భయపడుతున్నట్టుంది" అంది మా ఆవిడ. ఇద్దరూ మళ్లీ ఆ ముఖంలోకి చూశారు. "ముసుగు కూడా రాయేనా?" అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. కాబోయే భర్తను తొలిసారి చూసి ముసుగు వేసుకున్న బైబిల్ వధువు కథ అప్పుడు చెప్పాను. ఈసారి కదలకుండా విన్నది. సిగ్గు, భయం రెండూ ఆ కథలో ఇమిడేవే.

రెండో ప్రశ్నే కీలకం. అభిప్రాయాన్ని కొట్టిపారేయకుండా, మనిషిని మళ్లీ బొమ్మ దగ్గరికి తీసుకెళ్తుంది.

ఈ సెలవుల్లో పిల్లలతో మ్యూజియం అంతా చుట్టేయకండి. మూడు వస్తువుల ముందు ఆగండి. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.